మా బాబాయి భక్తి మీద తీర్మానం

మా బాబాయికి దైవభక్తి ఉందన్న తీర్మానం ఆరు ఓట్లకు రెండు ఓట్లతో నెగ్గింది. ఆర్.కె.పురంలో మా సర్కారీ క్వార్టరు ముందుగదిలో, దసరా నవరాత్రుల్లో, మూలా నక్షత్రానికి ముందురోజు సాయంత్రం ఇది జరిగింది. వ్యతిరేకించిన ఇద్దరిలో ఒకరు బాబాయే. ఆయన మా కాలనీ తెలుగు సంఘం కార్యవర్గంలో సభ్యుడు కాడు. అయినా ఎవరి గురించి నిర్ణయం జరుగుతోందో ఆ మనిషికి నోరు లేకుండా చెయ్యడం సహజ న్యాయానికి విరుద్ధమని అధ్యక్షులు విశ్వనాథం గారు తానే అభ్యంతరం లేవదీసి, తానే సమర్థించి, ఆ ఒక్క అంశం మీద బాబాయికి ఒక ఓటు ఇప్పించారు. తనకు భక్తి లేదని బాబాయి చెయ్యెత్తాడు. "మీ అభిప్రాయం రికార్డులోకి ఎక్కుతుంది సాంబశివరావు గారూ, ఏం కంగారు పడకండి. మెజారిటీ మాత్రం మీకు భక్తి ఉందనే అంటోంది," అన్నారు విశ్వనాథం గారు, అండర్ సెక్రటరీకి ఉండాల్సిన ఓర్పుతో.

రెండో వ్యతిరేక ఓటు లక్ష్మారెడ్డి గారిది. కరీంనగర్ ఆయన, ఏదో మంత్రిత్వ శాఖలో అసిస్టెంటు. "ఏంది సార్ ఇది? మనిషి ఎదురుంగ కూసోని లేదంటుండు. మనం ఉన్నదని ఎట్ల రాస్తం? గాయన కడుపుల ఏమున్నదో మనకెట్ల ఎర్కైతది?" అన్నారు. "కడుపు సంగతి కాదు రెడ్డి గారూ, కాగితం సంగతి," అన్నారు విశ్వనాథం గారు. అప్పటికి నాకు పందొమ్మిదేళ్ళు. ఢిల్లీలో పుట్టి పెరిగిన తెలుగు పిల్లల్లో తెలుగు గుండ్రంగా రాయగలిగిన దాన్ని నేనొక్కదాన్నే కాబట్టి సంఘం మినిట్స్ పుస్తకం నా చేతిలో ఉండేది. "శిల్పి శ్రీ సాంబశివరావు గారు దైవభక్తిపరులని ఈ కార్యవర్గం విశ్వసిస్తూ, శ్రీ సరస్వతీ అమ్మవారి విగ్రహానికి నేత్రాలు తెరిచే కార్యక్రమం నిర్వహించుటకు వారిని అనుమతించడమైనది" అని రాశాను. అందరూ సంతకాలు పెట్టారు. నాన్న కూడా పెట్టారు. నాన్న అవును వైపు ఓటేశారు. కాఫీ గ్లాసుల ట్రేతో లోపలికొచ్చిన అమ్మ, "అయితే మా మరిదికి భక్తి మంజూరైనట్టేనా?" అని అడిగి, "ఇకనైనా కాళ్ళు కడుక్కుని వంటింట్లోకి రమ్మని కూడా అందులో రాయించండి," అంది.

ఈ మధ్య చలికాలంలో మా చెల్లెలి మనవరాలు సింధు దగ్గరికి వెళ్ళకపోతే ఇదంతా రాయాలని నాకు తోచేది కాదు. సింధు బేర్ సరాయ్‌లో చిన్న గది తీసుకుని సివిల్స్‌కి చదువుతోంది. మంచం మీద కూర్చుంటే మోకాళ్ళు ఎదురు గోడకి తగిలే గది. ఆ మంచం మీద జెరాక్స్ నోట్సు గుట్టలో "మతవిశ్వాసం, నాస్తికత్వం, విజ్ఞానం, కళల మీద వాటి ప్రభావం: చర్చించండి" అన్న ప్రశ్నకి మోడల్ ఆన్సర్ కనిపించింది. అనుకూలం ఐదు పాయింట్లు, ప్రతికూలం ఐదు పాయింట్లు, చివర రెండు వాక్యాల్లో సమన్వయం. "ఇదేనా అంతా?" అన్నాను. "బస్ ఇత్నాహీ అమ్మమ్మా, ఎక్కువ రాస్తే మార్కులు కట్ అవుతాయి," అంది సింధు. మా ఇంట్లో ఆ ప్రశ్నే ఇద్దరు మనుషులుగా రెండేళ్ళపైన ఒకే బాత్‌రూమ్ వాడుకుంటూ బతికిందని, దానికి సమన్వయం కుదరలేదని ఆ పిల్లకి చెప్పడం మొదలుపెట్టాను. సగంలో దానికి మాక్ టెస్టు టైమైంది.

మా నాన్న భౌతికశాస్త్రం చదివిన మనిషి. తూనికలూ కొలతలూ సరిచూసే ప్రభుత్వ ప్రయోగశాలలో పనిచేసేవారు. దేశంలో ఎక్కడెక్కడి నుంచో తూకపు రాళ్ళు పెట్టెల్లో వచ్చేవి. అవి చెప్పిన బరువే ఉన్నాయో లేదో ఆయన తేల్చాలి. అక్కడి త్రాసు గాజుగదిలో ఉండేది. మనిషి ఊపిరి తగిలినా, ఒంటి వేడి తగిలినా ముల్లు కదిలిపోయేది. కుర్ర శాస్త్రజ్ఞులు రీడింగు తీసుకునేలోపు ఊపిరాగక బయటికి పరిగెత్తేవారట. నాన్న రోజూ మూడుపూటలా సంధ్యావందనం చేసేవారు. చిన్నప్పటి నుంచీ ప్రాణాయామం అలవాటు కాబట్టి ఊపిరి బిగబట్టి త్రాసు ముందు బొమ్మలా నిలబడగలిగేవారు. ఆయన తూచిన తూకం వారం తరవాత మళ్ళీ తూచినా అదే వచ్చేదని డైరెక్టరు పార్టీల్లో చెప్పేవాడు. విభూతిరేఖలతో ఆఫీసుకి వెళ్ళే నాన్నని మొదట్లో వెనకాల నవ్వుకున్నవాళ్ళే తరవాత ప్రాణాయామం నేర్పమని ఆదివారాలు మా ఇంటికి వచ్చేవారు. వాళ్ళలో ఒక బెంగాలీ కమ్యూనిస్టు ఉండేవాడు. మంత్రం వద్దు, ఊపిరి మాత్రం చాలంటాడు. నాన్న ఒప్పుకోలేదు. మంత్రం లేకపోతే ఎంతసేపు బిగబట్టాలో లెక్క తెలియదన్నారు. చివరికి ఆ బెంగాలీ గాయత్రిని స్టాప్‌వాచ్‌ లెక్కన నేర్చుకున్నాడు.

బాబాయి నాన్నకన్నా ఎనిమిదేళ్ళు చిన్న. తెనాలి వైపు కాలేజీ చదువు మధ్యలో ఆపేసి, ఒక బొమ్మల షెడ్డులో మట్టిపనీ ప్లాస్టరుపనీ నేర్చుకున్నాడు. అదే వయసులో హేతువాదుల మీటింగులకీ వెళ్ళి దేవుణ్ణి మానేశాడు. జంధ్యం తీసేశాడు గానీ పారెయ్యలేదు. మెత్తటి మట్టిముద్దని కొయ్యడానికి అంత నున్నటి దారం మరొకటి దొరకదని పనిముట్ల డబ్బాలో దాచుకున్నాడు. దాంతో మట్టి కోస్తుంటే నాన్న మొదటిసారి చూసిన రోజు నాకు గుర్తుంది. పూజగది గుమ్మం దాకా వెళ్ళి వెనక్కొచ్చారు. "కనీసం వేరే దారం వాడుకోరా," అన్నారు చివరికి. "ఇదైతే తొమ్మిది పోగులన్నయ్యా. తెగదు," అన్నాడు బాబాయి. నాన్నకి ఆ జవాబు శాస్త్రరీత్యా తప్పుగా కనిపించలేదు. అదే ఆయన బాధ.

ఢిల్లీ వచ్చి రెండేళ్ళైనా బాబాయికి పని కుదరలేదు. ఇంకొక్క చలికాలం చూస్తాననీ, అప్పటికీ దొరక్కపోతే తెనాలి వెళ్ళి పని నేర్చుకున్న షెడ్డులోనే సిమెంటు సింహాలు చేసుకుంటాననీ చెప్పేవాడు. సిమెంటు సింహాలంటే అతనికి చావుతో సమానం. మా వెనక వరండా అతని గదీ, షెడ్డూ. ఇల్లంతా తడిమట్టి, గోనెపట్టా, సర్రసు జిగురు వాసన. పొద్దున అమ్మ అంగీఠీలో బొగ్గులు రాజేస్తే పొగ, దాని మీదుగా నాన్న పూజగదిలోంచి కర్పూరం. ఈ మూడూ కలిస్తే వచ్చే వాసన నాకు మళ్ళీ ఎక్కడా తగల్లేదు. "ఒకాయన దేవుడున్నాడని గంటసేపు నీళ్ళు పోసుకుంటాడు. ఒకాయన దేవుడు లేడని గంటసేపు బురద కడుక్కుంటాడు. నేనూ పిల్లలూ ఏ మతం పుచ్చుకుంటే స్నానం దొరుకుతుందో చెప్పండి," అనేది అమ్మ.

అన్నదమ్ముల వాదం రాత్రి భోజనాల దగ్గర. ఎప్పుడూ గొంతు పెంచేవారు కాదు. నాన్న వాదం ఒకటే: "పైన చూసేవాడొకడున్నాడని తెలిసినవాడు రీడింగు దిద్దడు. నేను గాజుగదిలో ఒక్కణ్ణే ఉంటాను. చివరి అంకె నాకు ఇష్టమొచ్చింది రాసినా అడిగే దిక్కు లేదు. ఎందుకు రాయనో తెలుసా?" బాబాయి మజ్జిగన్నం కలుపుకుంటూ వినేవాడు. "నీకు చూసేవాడున్నాడు కాబట్టి ధైర్యం అన్నయ్యా. నాకెవడూ లేడు. దేవతని చేసేవాడు భక్తుడైతే ముప్పావు వంతు చేసి ఆపేస్తాడు, తక్కినది ఆవిడే చూసుకుంటుందని. నాకా వీలు లేదు. ఆవిడ రాదని నాకు తెలుసు. గోళ్ళతో సహా నేనే పెట్టాలి." అప్పుడు వినేవాళ్ళకి ఇద్దరూ ఒకే మాట చెబుతున్నారనిపించేది. ఆ మాట పైకంటే మాత్రం ఇద్దరూ కలిసి నా మీద పడేవారు.

ఆ ఏడు సంఘం వాళ్ళకి పౌరుషం వచ్చింది. చుట్టుపక్కల బెంగాలీలు దుర్గమ్మని నిలువెత్తున నిలబెడుతుంటే మనం ఫ్రేము కట్టిన పటానికి పూజ చెయ్యడమేమిటని, మూలా నక్షత్రం నాటి పూజకి సరస్వతి విగ్రహం చెయ్యమని బాబాయిని అడిగారు. ఆయన నాస్తికుడని అందరికీ తెలుసు. తెలిసీ ఎవరికీ అడ్డనిపించలేదు. విగ్రహం లోపల కట్టడానికి బాబాయి బేర్ సరాయ్ నుంచి గడ్డి మోయించుకొచ్చాడు. అది అప్పటికి గేదెల ఊరు. యమున ఒడ్డు మట్టి బస్తాలు లక్ష్మారెడ్డి గారు ఎవరి జీపులోనో తెప్పించారు. నెలన్నర పట్టింది. మట్టి పగలకుండా నాన్న ప్రయోగశాల నుంచి తేమ కొలిచే పరికరం తెచ్చి వరండాలో పెట్టి, పూటపూటకీ చూసి "ఇప్పుడు తడిగుడ్డ కప్పు," "ఇప్పుడు తియ్యి" అని చెప్పేవారు. ఒకరోజు వెర్నియర్ కాలిపర్సు తెచ్చి రెండు కనుబొమల ఎత్తు సరిచూశారు. "దేవతకి వెర్నియర్ పెడతావేంటి అన్నయ్యా? నాస్తికుణ్ణి, నాకే సిగ్గేస్తోంది," అన్నాడు బాబాయి. "ఎడమది అర మిల్లీమీటరు ఎక్కువుంది," అన్నారు నాన్న. "ఉండనీ. సమానంగా ఉంటే సరస్వతి అవదు, కొలబద్దవుతుంది."

విగ్రహం పూర్తయింది, కళ్ళు తప్ప. కళ్ళు చివరే పెట్టాలి. అది శిల్పుల రివాజు. నమ్మకం లేకపోయినా బాబాయి ఆ రివాజు తప్పేవాడు కాదు. ముందే కళ్ళు పెడితే పనిచేస్తున్నంతసేపూ ఎవరో చూస్తున్నట్టు చెయ్యి బిగుసుకుంటుందనేవాడు. పూజకి మూడు రోజుల ముందు పురోహితులు శాస్త్రి గారు వచ్చారు. పగలు ఒక మంత్రిత్వ శాఖలో డిస్పాచ్ గుమాస్తా ఆయన. సంకల్పంలో చెప్పడానికి శిల్పి గోత్రం అడిగారు. "నాకు లేదండీ." "అన్నగారి గోత్రమేగా?" "ఆయనది ఆయన దగ్గరే ఉంచుకోమనండి." "పోనీ ఆ రోజు ఉపవాసం ఉంటారా?" "ఆకలేస్తే తింటాను." శాస్త్రి గారు మర్నాడు ఒక అర్జీ ఇచ్చారు: విశ్వాసం లేని చెయ్యి కళ్ళు తెరిస్తే ప్రాణప్రతిష్ఠ నిలవదు, తగు ఉత్తర్వులు కోరడమైనది.

ఇంకో ఊళ్ళో అయితే ఇద్దరు పెద్దమనుషులు మాట్లాడి సర్దేసేవారు. మా కాలనీలో ఫైలు తెరిచారు. ట్యాగు దారం, ఆకుపచ్చ నోటు షీటు, పైన విషయం: శిల్పి విశ్వాసం గురించి. ఆ ఫైలు రెండు రోజులు స్కూటర్ల మీద క్వార్టరు నుంచి క్వార్టరుకి తిరిగింది. ఒకాయన "ఏకీభవిస్తున్నాను" అని రాశారు, దేనితోనో రాయలేదు. ఒకాయన "దేవుణ్ణి నమ్మనివారి చేత దేవుణ్ణి చేయించిన పూర్వోదాహరణలు ఉన్నవా? పరిశీలించి పంపండి" అన్నారు. "గుడి మెట్లు కట్టిన కూలోళ్ళందరినీ ఎవ్వలడిగిన్రు?" అని కింద లక్ష్మారెడ్డి గారి నోటు. ఈలోగా కళ్ళు లేని సరస్వతి మా వరండాలో వీణ పట్టుకుని కూర్చునుంది. అమ్మ ఆవిడ పక్కనే బట్టలారేసేది. బాబాయి నమ్ముతున్నానని ఒక్క ముక్క రాసిచ్చేస్తే అయిపోతుందని విశ్వనాథం గారు ఇంటికొచ్చి బతిమాలారు. "అబద్ధం రాసి ఆ చేత్తో కళ్ళు పెట్టలేను. కుంచె వణుకుతుంది," అన్నాడు బాబాయి. అందుకే ఓటింగు పెట్టాల్సొచ్చింది.

తీర్మానం నెగ్గిన మర్నాడు తెల్లవారుజామున పూజ మండపంలో కళ్ళు తెరిచారు. విగ్రహం మొదటి చూపు ఎవరి మీదా పడకూడదు. ఎదురుగా అద్దం పెట్టి, అద్దంలో చూస్తూ శిల్పి కళ్ళు దిద్దాలి. చుట్టూ తెర. అద్దం పట్టడానికి ఒక మనిషి కావాలి. ఊపిరి బిగబట్టి కదలకుండా నిలబడగలిగినవాడు మా కాలనీలో ఒక్కడే కాబట్టి నాన్న పట్టారు. అమ్మ బీరువా అద్దం, మా ఇంటి గళ్ళదుప్పటి తెర. లోపల అన్నదమ్ములిద్దరే. బయట శాస్త్రి గారి మంత్రం, చాపల మీద పదిహేడుగురు పిల్లలు పలకలతో అక్షరాభ్యాసానికి. నాన్న గడియారం ప్రకారం పదకొండు నిమిషాలు. తెర తీశాక బాబాయి కుంచె పళ్ళమధ్య పట్టుకుని చేతులు తుడుచుకుంటున్నాడు. నాన్న కళ్ళనిండా నీళ్ళు. అమ్మవారిని చూసిన పిల్లలు తమ వెనక ఏముందోనని తిరిగి చూశారు. ఆ కళ్ళు మనల్ని చూడవు. మనం చదవాల్సినదేదో మన భుజం మీదుగా వెనకాల చూస్తున్నట్టుంటాయి. అప్పట్నుంచీ ఎన్నో మ్యూజియాలు తిరిగాను, ఉద్యోగరీత్యా. అలాంటి చూపు నాకు కనిపించలేదు. అది యమునలో కరిగిపోయింది కాబట్టి నా మాట తప్ప ఆధారం లేదు.

మండపానికి వచ్చినవాళ్ళలో ఒక హిందీ ఆయన కళ్ళకేసి చూడలేదు, హంస కాళ్ళకేసి చూస్తూ వంగిపోయాడు. ప్రకృతి విజ్ఞానానికి సంబంధించిన ఒక మ్యూజియంలో పెద్ద అధికారట. "యే కిస్‌నే బనాయా? ఎవరిదీ పని? వేళ్ళ మధ్య పొర కూడా పెట్టాడు! అమ్మవారి ముంజేతి మీద నరాలు సరైనచోట ఉన్నాయి!" మనిషి పుట్టుక మీద కొత్తగా ఒక హాలు కడుతున్నామనీ, ఆదిమానవుల బొమ్మలు చెయ్యడానికి మనిషి కావాలనీ, దరఖాస్తు పెట్టమనీ చెప్పాడు. బాబాయి ఆ రాత్రి నిద్రపోలేదు. కోతి మనిషిగా నిటారవడం, మధ్యలో ఒక్క దేవుడూ అక్కర్లేకుండా! అతనికి అంతకు మించిన ఉద్యోగం ఈ భూమ్మీద లేదు.

ఇక్కడ మా వాళ్ళు చేసిన పొరపాటు ఢిల్లీలో సర్కారీ నౌకరీ చేసేవాళ్ళు మాత్రమే చెయ్యగలిగినది. దరఖాస్తుకి ఉన్న కాగితమల్లా జతచెయ్యాలి, ప్రతి దానికీ గెజిటెడ్ సంతకం ఉండాలి, మూడు కాపీలు ఉండాలి. విగ్రహం బాబాయే చేశాడని రుజువు కావాలి కదా అని నాన్న సంఘం తీర్మానాన్ని జతచేశారు. దాన్ని ఇంగ్లీషులోకి మార్చి టైపు చేసింది నేనే. వాక్యం చక్కగా కుదిరిందని మురిసిపోయాను కూడా.

ఇంటర్వ్యూ నుంచి బాబాయి బస్సు దిగి నడిచొచ్చిన తీరు చూసి అమ్మ ముందు మంచినీళ్ళిచ్చింది. బోర్డులో ముగ్గురట. ఛైర్మను ముసలి జంతుశాస్త్రజ్ఞుడు. "మీరు గొప్ప భక్తులు. సంతోషం. కానీ ఈ హాలుకి శాస్త్రీయ దృక్పథం ఉన్న మనిషి కావాలి. కోతి నుంచి మనిషి వచ్చాడంటే మీ మనసు ఒప్పుకుంటుందా?" అన్నాడట. "సార్, నేను నాస్తికుణ్ణి." "ఇక్కడ భక్తిపరుడని రాసుంది." "నేను వ్యతిరేకంగా ఓటేశాను సార్." "కానీ నెగ్గింది కదా?" "నెగ్గింది సార్." "ఇందరు ఆఫీసర్లు సంతకాలు పెట్టిన కాగితాన్ని మీ ఒక్కరి మాట మీద ఎలా తోసెయ్యమంటారు?" బోర్డు వాళ్ళు చెడ్డవాళ్ళు కాదు. పదిహేను రోజులు గడువిచ్చారు. ఈ మనిషికి విశ్వాసం లేదని ఆ సంఘం నుంచి గానీ, స్వయంగా ఎరిగిన గెజిటెడ్ ఆఫీసరు నుంచి గానీ కాగితం తెమ్మన్నారు.

విశ్వనాథం గారు మొహం చిన్నబుచ్చుకున్నారు. "నాకూ సానుభూతి ఉంది. కానీ ఇప్పుడు భక్తి లేదని తీర్మానిస్తే ప్రాణప్రతిష్ఠ చెల్లదు. ఆ రోజు అక్షరాలు దిద్దిన పదిహేడుగురు పిల్లల మాటేమిటి? అందరికీ మళ్ళీ దిద్దించాలి. ఇద్దరు అప్పుడే స్కూల్లో చేరిపోయారు." లక్ష్మారెడ్డి గారు సంతకం పెడతానన్నారు గానీ ఆయన గెజిటెడ్ కాదు. "నాకు మొదట్నించీ ఎర్కనే. ఏం ఫాయిదా?" అన్నారు పాపం. మిగిలింది నాన్న. గెజిటెడ్, పైగా తెర లోపల ఉన్న ఏకైక సాక్షి.

ఆ రాత్రి భోజనాల దగ్గర బాబాయి మామూలుగానే అడిగాడు. "ఒక ముక్క రాసిచ్చెయ్యన్నయ్యా. మా తమ్ముడు నాస్తికుడు అని."

నాన్న మజ్జిగ గిన్నె పక్కకి జరిపారు. "చూసింది రాయాలి కదరా."

"ఏం చూశావు?"

"కళ్ళు పెట్టాక నువ్వు చేతులు జోడించావు."

బాబాయి నవ్వబోయి ఆగాడు. "రంగు తడిగా ఉంది. గాలికి చారలు కడుతుందని చేతులు దగ్గరగా అడ్డుపెట్టి ఊదాను."

"పెదాలు కదిలాయి."

"ఊదితే కదలవా మరి?"

"ఊదినట్టు కదల్లేదు," అన్నారు నాన్న చాలా మెల్లిగా.

"నువ్వు అద్దం వెనకాల ఉన్నావు. నీ కళ్ళనిండా నీళ్ళు. నీకేం కనిపించిందని? తూకం వేసేటప్పుడు ఇలాంటి రీడింగు తీసుకుంటావా నువ్వు?"

అమ్మ అడ్డుపడింది. "తమ్ముడి బతుకండీ. ఊదాడో మొక్కాడో ఆ దేవుడికి తెలుసు. ఆయనేం ఉద్యోగానికి అడ్డు రాడు."

"దేవుడికి తెలుసు కాబట్టే," అన్నారు నాన్న, లేచి చెయ్యి కడుక్కున్నారు.

పదమూడు రోజులు మా ఇంట్లో ఎవరూ ఆ మాటెత్తలేదు. బాబాయి పనిముట్లు నూనె రాసి గోనెలో చుట్టాడు. తెనాలి టిక్కెట్టుకి ఫారం నింపి పెట్టుకున్నాడు. నాన్న రోజూ ఆఫీసు నుంచి వచ్చి తలుపేసుకునేవారు. గడువుకి ఒకరోజు ముందు, మామూలుగా సంధ్య వార్చుకునే వేళకి వార్చుకోకుండా, కవరు గమ్ము అతికించి, దాని మీద చిరునామా రాసి, చెప్పులేసుకుని తానే వెళ్ళి పోస్టు డబ్బాలో వేసొచ్చారు. ఏం రాశారని అమ్మ అడిగింది. "రాయాల్సింది రాశాను," అన్నారు.

బాబాయికి ఉద్యోగం వచ్చింది. ఆరు నెలల తాత్కాలికం. ఆరేసి నెలలు పొడిగిస్తూ రిటైరయ్యేదాకా అలాగే సాగింది. ఆయన చేసిన ఆదిమానవుల ముందు స్కూలు పిల్లలు గోల మానేసి నిలబడేవారు. నిప్పు ముందు కూర్చున్న ముసలి ఆడమనిషి బొమ్మ ఒకటుండేది. దానికి కొందరు రూపాయి బిళ్ళలు వేసి దణ్ణం పెడుతున్నారని మ్యూజియం వాళ్ళు గాజు అడ్డం పెట్టించారు. బాబాయి దాన్ని తన జీవితంలో అన్నిటికన్నా పెద్ద అవమానంగా చెప్పుకునేవాడు. చెప్పేటప్పుడు మొహం మాత్రం వెలిగిపోయేది.

ఆ ఉత్తరం వేసిన వారం నుంచి నాన్న శనివారాలు భోజనం మానేశారు. అంతకు ముందు ఏకాదశి తప్ప ఆయనకి ఉపవాసాల్లేవు. అబద్ధం రాసినందుకు ప్రాయశ్చిత్తమని అమ్మ నమ్మకం. ఎసిడిటీ అని నాన్న మాట. బాబాయి కూడా అమ్మ మాటే నమ్మాడనుకుంటాను. బేర్ సరాయ్‌లో గది తీసుకున్నాక కూడా శనివారం తప్పకుండా వచ్చేవాడు. మొదట్లో అన్నయ్య ముందు కూర్చుని తినేవాడు, తినమని రెచ్చగొట్టేవాడు. కొన్నాళ్ళకి మధ్యాహ్నం దాటాక రావడం మొదలుపెట్టాడు. "మెస్సు మూసేశారు వదినా, ఆకలి కూడా లేదులే," అనేవాడు. ఇద్దరూ ఖాళీ కడుపులతో వరండాలో ఎండలో కూర్చుని దేవుడున్నాడా లేడా అని వాదించుకునేవారు.

నేను పత్రికలో చేరి, ఎదుటి మనిషి చెప్పనిది రాబట్టడమే జీతంగా బతికాక ఆ ఉత్తరంలో ఏం రాశారని ఒకసారి నాన్నని సూటిగా అడిగాను. "ఒకే ఒక్క పరిశీలన. పరిశీలించినవాడు ఒక్కడే. వాడికి ఫలితం మీద ఆశ ఉంది. అలాంటి రీడింగుని మేము నివేదికలో ఎలా రాస్తామో అలా రాశాను," అన్నారు. ఎలా రాస్తారో చెప్పలేదు. అసలు రాయకుండా వదిలేస్తారో, పక్కన చుక్క పెట్టి కింద వివరం రాస్తారో, ఆయన సహోద్యోగుల్ని అడిగితే ముగ్గురు మూడు రకాలుగా చెప్పారు. నాన్న పోయి పన్నెండేళ్ళైంది.

బాబాయికి ఎనభై అయిదు దాటాయి. నోయిడాలో కూతురి ఫ్లాటులో ఉంటాడు. సింధు గది నుంచి నేను అక్కడికే వెళ్ళాను. చూపు మందగించింది గానీ మాట తగ్గలేదు. ఆ రోజు నిజంగా ఊదావా, మొక్కావా అని అడిగాను. "మీ నాన్న ఏమన్నాడు?" అన్నాడు. చెప్పాను. "అయితే ఇక నేను చెప్పినా రెండో పరిశీలన అవుతుంది. నాక్కూడా ఆశ ఉంది కదే," అని నవ్వాడు. తరవాత నవ్వు ఆపి, "ఆ ఉత్తరం తెచ్చి పెట్టు. అన్నయ్య నాకోసం అబద్ధమాడాడని ఇన్నేళ్ళూ మోశాను. ఆడలేదని తేలితే ఇంకా బరువు," అన్నాడు.

మ్యూజియం ఆఫీసుకి సమాచార హక్కు కింద దరఖాస్తు పెట్టాను. జవాబు వచ్చింది. తాత్కాలిక సిబ్బంది నియామకాల పాత ఫైళ్ళు గడువు తీరాక నిబంధనల ప్రకారం నాశనం చేశారట. ఫోనులో బాబాయికి చదివి వినిపించాను.

"కాల్చారా, చించారా?" అన్నాడు.

"రాయలేదు బాబాయ్," అన్నాను.